డోరీన్ వెండి జుట్టు

శనివారం పొద్దున బూటిల్ వైపు వెళ్ళే రైల్లో ఆడపిల్లలు సగం మంది తలనిండా రోలర్లు చుట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం బయటికి వెళ్ళేటప్పుడు జుట్టు బుట్టలా నిలబడాలంటే పొద్దున్నే చుట్టుకోవాలి మరి. లివర్‌పూల్లో దానికి ఎవరూ సిగ్గుపడరు. ఆ రోలర్ల మధ్య అరవై ఎనిమిదేళ్ళ డోరీన్ ఒళ్ళో చేతిసంచీ గట్టిగా పట్టుకుని, కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతోంది. ప్రతి స్టేషన్లోనూ దిగాల్సింది ఇదేనేమో అని సగం లేచి మళ్ళీ కూర్చుంటోంది. చిన్నప్పటి నుంచీ తిరుగుతున్న దారే అది.

అంతకు ముందు ఆదివారం ఫెర్రీ పైఅంతస్తులో, చిప్స్ పొట్లం ఇద్దరి మధ్యా పెట్టుకుని, పెళ్ళి చేసుకుందామా అని క్లెమ్ అడిగాడు. క్లెమ్ రేవులో పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు క్లబ్బులో మధ్యాహ్నం పూట బింగో ఆటకి నంబర్లు పిలుస్తాడు, తమ కార్డులో ఆ నంబరున్నవాళ్ళు చుక్క పెట్టుకుంటారు. ఇద్దరికీ ఒకసారి పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరి తోడూ పోయింది. "చేసుకుందాం" అంది డోరీన్. నది మీది గాలి అందరి జుట్టునీ ఎగరగొడుతూ తన క్రాపుని మాత్రం ఏమీ చెయ్యలేకపోవడం గమనించి, "క్లెమ్, నాకు పొడుగు జుట్టు కావాలి" అని కూడా అంది. క్లెమ్ ఒక చిప్ తీసి నోట్లో పెట్టుకుని, రెండు మాటలకీ కలిపి తలూపాడు.

ఆ కోరిక కొత్తది కాదు. డోరీన్ ముప్ఫై ఏళ్ళకి పైగా బడి వంటశాలలో పిల్లలకి వడ్డించింది. తలకి వలటోపీ, దాని కింద క్రాపు. చిన్నతనంలోనూ అంతే. అక్క ఐవీది తాచుపాములాంటి జడ, డోరీన్‌ది ఎలకతోక. ఇంటికొచ్చినవాళ్ళు ఐవీ జడ చేత్తో పట్టుకుని చూసి మురిసిపోయేవాళ్ళు. తరవాత డోరీన్ వైపు తిరిగి, "ఇది మాత్రం భలే చురుకైంది" అనేవాళ్ళు.

ఇప్పుడు డోరీన్ వెళ్తున్నది జుట్టు దిద్దే డెమీ షాపుకి. అది స్టాన్లీ రోడ్డులో, చిప్స్ కొట్టు పక్కనే. డెమీ కూడా డోరీన్ వడ్డించింది తిని పెరిగిన పిల్లే. బఠాణీలు మాత్రం తినేది కాదు, కంచం అంచున వరసగా పేర్చి వదిలేసేది. ఇప్పుడు ముప్ఫై దాటాయి, సొంత షాపు పెట్టింది, అయినా డోరీన్ కనపడితే "మిస్" అనే పిలుస్తుంది.

"రండి మిస్. ట్రిమ్ చెయ్యమంటారా?"

"కాదే. పొడుగు చేయించుకుందామని."

డెమీ చేతిలోని డ్రయ్యర్ ఆపింది. "ఏది పొడుగు?"

"జుట్టే తల్లీ. ఈ వయసులో నాకు ఇంకేం పొడుగవుతుంది? పెళ్ళి చేసుకుంటున్నా."

షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. రంగు వేయించుకుంటున్న ఒకావిడ తలనిండా రేకు చుట్టలతోనే లేచి వచ్చి డోరీన్‌ని కావలించుకుంది.

"ఎవర్ని మిస్?"

"బింగో క్లెమ్‌ని."

"ఆ గొంతునా?" అంది రేకుల ఆవిడ. "అదృష్టవంతురాలివమ్మా. ఆయన ఎనభై ఎనిమిది అంటే చాలు, నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది."

డెమీ ఆమెని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టుని పాయలు తీసి చూసింది. ఒక వెంట్రుక వేలికి చుట్టి మెల్లగా లాగింది. నుదుటి దగ్గర, కణతల దగ్గర వేళ్ళతో తడిమింది.

"సన్నంగా ఉంది గానీ తెగట్లేదు. ముందు వైపు పలచన. అక్కడ నేను ఒక్క పాయ కూడా పెట్టను. మీరు ఏడ్చినా పెట్టను."

"ఏడవను. మిగతాచోట్ల పెడతావా?"

"క్లిప్పులతో పెట్టుకునేవి ఉన్నాయి మిస్. పొద్దున పెట్టుకోవచ్చు, రాత్రి తీసేయొచ్చు. మీ వయసుకి అదే సుఖం."

"తీసి డ్రాయర్లో పెట్టేది నాకొద్దు. పొద్దున నిద్ర లేచేసరికి నా తల మీదే ఉండాలి."

డెమీ అద్దంలో ఆమె మొహం చూసింది. "అయితే బాండ్లే. పాయ కొసకి జిగురు ఉంటుంది. మీ వెంట్రుకలు నాలుగు పట్టుకుని, వేడి పెట్టి, దానికి దీన్ని అతికిస్తా. మామూలుగా బియ్యపు గింజంత ఉంటుంది అతుకు. మీ జుట్టు మోయలేదు కాబట్టి నూకంత పెడతా. ముందు చెవి వెనక ఓ నాలుగు పెట్టి పంపిస్తా, రెండు వారాలు ఉంచుకోండి. దురదా లాగుడూ లేకపోతే అప్పుడు చూద్దాం."

తరవాత రంగు. డెమీ ఒక ఉంగరానికి గుచ్చిన నమూనా కుచ్చులు పట్టుకొచ్చింది. డోరీన్ చెయ్యి తిన్నగా తేనెరంగు కుచ్చు మీదికి వెళ్ళింది. బడిలో వడ్డించేటప్పుడు టీచర్లకి ఉండేది ఆ రంగు. కుచ్చుని చెంపకి ఆనించుకుని అద్దంలో చూసుకుంది.

"ఎలా ఉంది?"

"తల మీద కస్టర్డ్ ఒలికినట్టుంది మిస్. మీ బడి కస్టర్డే."

రేకుల ఆవిడ పకపకా నవ్వింది. డోరీన్‌కి కోపం రాబోయి, అద్దంలో మళ్ళీ చూసుకుని, తనూ నవ్వేసింది. డెమీ ఆమెని లేపి గుమ్మం బయట పగటి వెలుగులో నిలబెట్టింది. దీపం కింద చూసి ఎంచుకున్న రంగు వీధిలోకి రాగానే మోసం చేస్తుందట. పొగ రంగు ఒకటి, ముత్యం రంగు ఒకటి, ఉప్పు రంగు ఒకటి తీసి, మూడూ కలిపి డోరీన్ జుట్టు చివర్ల దగ్గర పెట్టింది. ఎక్కడ ఆమె జుట్టు ఆగిందో, ఎక్కడ కుచ్చు మొదలైందో తెలియలేదు. చేతి అద్దంలో డోరీన్ చాలాసేపు చూసుకుంది. నెరుపంటే దాచుకోవాల్సిందే అనుకుంటూ వచ్చిందామె ఇన్నేళ్ళూ. చెవి కిందకి జారితే అది వెండిలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"నడుం దాకా పెట్టెయ్యవే."

"భుజాలు దాటి జానెడు. అంతే."

"మోచేతుల దాకా?"

"మిస్, బరువుకి మీ సొంత జుట్టు ఊడొస్తుంది. బఠాణీలు తినమని మీరు చెప్పినప్పుడు నేనిలాగే బేరాలాడానా?"

"ఆడావు. అసలు తినలేదు కూడా."

చివరికి జానెడు మీదే ఒప్పందమైంది. డోరీన్ ఆ కుచ్చుని వదలకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఎవరిదే ఈ జుట్టు?" అని అడిగింది.

"ఇండియా నుంచి వస్తుంది మిస్. అక్కడ దేవుడికి మొక్కుకుని, గుడిలో గుండు చేయించుకుంటారట. ఆ నలుపు తీసేసి ఈ రంగులు వేస్తారు."

"ఏం మొక్కుకుందో ఆ తల్లి" అంది డోరీన్.

"తీరే ఉంటుంది. తీరాకే ఇస్తారట."

ఆ రెండు వారాలూ డోరీన్ చెయ్యి చెవి వెనకే ఉంది. బస్సులో తడుముకునేది, దుకాణంలో తడుముకునేది, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండి కూడా తడుముకునేది. దురద లేదు, లాగుడు లేదు. సౌత్‌పోర్ట్ నుంచి ఐవీ ఫోన్ చేసి వాయించింది.

"ఒసే డోరీ, అరవై ఎనిమిదేళ్ళకి జలకన్య వేషమా? నలుగురూ నవ్విపోతారే."

"నవ్వనీ అక్కా. పెళ్ళికొచ్చి ఏడవడం కన్నా నయమేగా."

"ముదురు పెళ్ళికి ముసుగు చాలదా?"

"నీ నోటికి ముసుగు తెచ్చుకో ముందు" అని డోరీన్ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, మళ్ళీ చెవి వెనక తడుముకుంది.

అతికించే రోజున పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం టీ వేళ దాకా పట్టింది. డెమీ ఒక్కో పాయకీ జుట్టు విడదీసి, తలకి వేడి తగలకుండా చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అడ్డం పెట్టి, పట్టకారుతో నొక్కి, వేళ్ళ మధ్య అతుకుని నులిమి గుండ్రం చేసేది. పక్క కొట్టు నుంచి చిప్స్ వచ్చాయి. డోరీన్ మధ్యలో కునుకు తీసింది, లేచింది, మళ్ళీ తీసింది. ఆఖర్న డెమీ కత్తెర తీసి పాతదీ కొత్తదీ కలిసిపోయేలా అంచులు దిద్దింది. అది చెయ్యకపోతే టోపీ కింద తోక వేలాడినట్టుంటుందట.

"ఇప్పుడు చూసుకోండి."

డోరీన్ తలని కుడికి తిప్పింది. ఓ క్షణం ఆలస్యంగా జుట్టు వెంట వచ్చింది. ఎడమకి తిప్పింది, మళ్ళీ వచ్చింది. మెడ మీద, భుజం మీద దాని స్పర్శ తెలుస్తోంది. అద్దంలో ఉన్నది తన మొహమే, కానీ ఎవరో దానికి చట్రం కట్టినట్టుంది. డెమీ ఇంకోవైపు తిరిగి దువ్వెనలు సర్దడం మొదలుపెట్టింది, ఆమెకి కాస్త సమయం ఇద్దామని.

పంపించేటప్పుడు గుమ్మం దాకా వచ్చి వేలు చూపించి మరీ చెప్పింది. "రెండు రోజులు తల తడపకండి. ఆ తరవాత నిలబడి కడుక్కోవాలి, వంగి కాదు. కండిషనర్ చెవుల కిందికే. తడి తలతో పడుకున్నారో, నేనే ఇంటికొచ్చి లేపుతా. రాత్రి వదులుగా జడేసుకోండి. దువ్వేటప్పుడు కుదుళ్ళు చేత్తో పట్టుకోండి. ఇక నూనె అన్నది ఈ తల దరిదాపులకి రాకూడదు."

"అలాగే మిస్" అంది డోరీన్.

క్లెమ్ బస్టాపులో ఎదురుచూస్తున్నాడు. మాటలతో బతికే మనిషి, ఆమెని చూస్తూ ఎక్కాల్సిన బస్సుని వదిలేశాడు. ప్రతి నంబరుకీ బింగోలో ముద్దుపేరు లాంటి ఒక పాత పిలుపు ఉంటుంది, అవన్నీ అతనికి నాలుక చివరే ఉంటాయి. "అరవై ఎనిమిదికి నేను పిలిచే పిలుపు ఇక పనికిరాదు" అన్నాడు. "కొత్తది కట్టాలి."

"కట్టు మరి. గాలికి చలేస్తోంది" అంది డోరీన్. నిజానికి చలి లేదు. గాలికి జుట్టు ఎగిరి అతని కోటు గుండీకి చుట్టుకుంటే దాన్ని విడదియ్యకుండా అలాగే నిలబడాలని ఉంది.

పెళ్ళి ఇంకా కొన్ని వారాలుంది. డోరీన్ రాత్రి టీవీ ముందు కూర్చుని, మెత్తటి బ్రష్‌తో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వేది, పట్టు గలీబు మీద తల పెట్టేది. అతుకులు ఒకదానికొకటి చిక్కుపడకుండా వేళ్ళతో విడదీసేది. ఇంత గారాబం తన తలకి ఎప్పుడూ దక్కలేదు. పొద్దున లేవగానే ముందు జడ ఉందో లేదో చూసుకునేది. ఉండేది.

పెళ్ళి వారంలో ఐవీ పెట్టెతో దిగింది. గుమ్మంలోనే చెల్లెలి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. వెక్కిరింత సిద్ధం చేసుకునే వచ్చిందిగానీ అది ఎటో పోయింది. "బాగుందే" అంది చిన్నగా. అని, జడ చేత్తో పట్టుకుని బరువు చూసింది.

బుధవారం సాయంత్రం డోరీన్ తల గోక్కుంటుంటే ఐవీ చూసింది. "మాడు ఎండిపోయిందే. ఉండు" అని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి గిన్నెతో, వేడి తువ్వాలుతో వచ్చింది.

"ఏంటక్కా అది? నూనె కాదు కదా?"

"రోజ్‌మేరీ ఆకు. మాడుకి మంచిది. కళ్ళు మూసుకో."

రోజ్‌మేరీ వాసనే వస్తోంది. ఐవీ వేళ్ళు మెత్తగా కుదుళ్ళలో తిరుగుతున్నాయి. అక్క తన తల నిమరడం డోరీన్‌కి జ్ఞాపకం ఉన్నంతలో అదే మొదలు. దేంట్లో కలిపావని అడగాల్సిన రెండో ప్రశ్న అడక్కుండానే ఆమెకి నిద్ర పట్టేసింది. వేడి తువ్వాలు తల మీదే చల్లారింది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ క్లబ్బుకి వెళ్ళారు. శనివారమే పెళ్ళి, అందరూ పలకరించేవాళ్ళే. క్లెమ్ మైకులో "జంట కాళ్ళు, పదకొండు" అంటే హాలంతా ఈల వేసింది. డోరీన్ తన కార్డు మీద పదకొండుకి చుక్క పెట్టబోయింది. పదకొండు కనపడలేదు. దాని మీద వెండి పాయ ఒకటి పడుకుని ఉంది.

ఆమె దాన్ని చూసి ముందు ఎవరిదో అనుకుంది. దాని కొసన నూకంత జిగురు ముద్ద మెరుస్తోంది. మెల్లగా చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చింది. చేతిలోకి ఇంకో రెండు వచ్చాయి.

"అక్కా. నిన్న రాసిందాంట్లో ఏముంది?"

"చెప్పాగా, రోజ్‌మేరీ." ఐవీ మొహం పాలిపోయింది. "నూనెలో."

డోరీన్ లేచి నిలబడింది. లేచిన విసురుకి ఇంకొన్ని జారాయి. వేదిక మీంచి క్లెమ్ ఆమె మొహం చూశాడు, నేల చూశాడు. చేతిలో ఉన్న బంతి పక్కన పెట్టి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మలారా, అయ్యలారా, ఆట ఆపుతున్నాం. ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యకండి. పెళ్ళికూతురి జుట్టు నేల మీద ఉంది."

ఆ వెంటనే హాలంతా కుర్చీల చప్పుడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, తుంటి మార్పిడివాళ్ళు, కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చినవాళ్ళు అంతా బల్లల కిందికి దూరారు. ఒక పాయ ఎవరి స్వెట్టరుకో అంటుకుని బారు దగ్గరదాకా వెళ్ళింది. ఒకటి చేతికర్ర రబ్బరుకి అతుక్కుంది. ఇంకోటి చిప్స్ పాకెట్లో దొరికింది. దొరికినవాళ్ళు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, కానుక సమర్పించినట్టు తెచ్చి బారువాడు ఇచ్చిన బీరు గ్లాసులో నిలబెడుతున్నారు. బల్ల కింద నుంచి ఒకావిడ, ఆట గెలిచినవాళ్ళు అరిచినట్టు, "హౌస్" అని కేక పెట్టింది. పాయ దొరికినందుకో, కార్డులో నంబర్లన్నీ నిండినందుకో ఎవరికీ అర్థం కాలేదు. రెండూ జరిగాయట.

డోరీన్ చెంపలు మండిపోతున్నాయి. ఏడుపు రాబోయింది. కానీ నిలువెత్తు క్లెమ్ పియానో కింద బోర్లా పడుకుని, "ఇదిగో ఇక్కడొకటి, సాలెగూడు కాదుగా" అంటుంటే ఆ ఏడుపు దారి తప్పి నవ్వైంది. ఇంత మంది తన కోసం ఒక్కసారిగా నేల మీద కూర్చోవడం ఆమె ఎన్నడూ ఎరగదు.

బీరు గ్లాసు ఒళ్ళో పెట్టుకుని అక్కచెల్లెళ్ళు టాక్సీలో డెమీ షాపుకి వెళ్ళారు. డెమీ డోరీన్ తల వాసన చూసింది.

"ఎవరు?"

ఐవీ బడిపిల్లలా చెయ్యెత్తింది.

"అతుకులు విప్పాలంటే నేనూ నూనెలాంటిదే వాడతానమ్మా. మీరు దాన్ని వేడి చేసి, తువ్వాలు చుట్టి మరీ విప్పారు. నన్ను పిలిచినా ఇంత శుభ్రంగా చెయ్యలేను."

"మంచిదనుకున్నా" అంది ఐవీ. చేతిసంచీ కొక్కెం తీస్తూ మూస్తూ నిలబడింది. "శనివారం శనివారం మా అమ్మ నా తలకి ఆలివ్ నూనె రాసేది. అప్పట్లో మందుల షాపులో చిన్న సీసాలో దొరికేది. ఇది పక్కన కూర్చుని చూసేది. దీనికి రాసేది కాదు, రాయడానికి దీనికి జుట్టేది? ఇప్పుడుంది కదా అని..."

మాట అక్కడ ఆగిపోయింది. డోరీన్ గ్లాసు బల్ల మీద పెట్టి అక్క చెయ్యి పట్టుకుంది. "హాయిగానే ఉందిలే అక్కా. నిద్ర పట్టేసింది నాకు."

డెమీ ఇద్దర్నీ చూసి నిట్టూర్చి, ఏప్రన్ కట్టుకుంది. "సరే. ఏడుపులు తరవాత. ఐవీగారూ, మీరు అక్కడ కూర్చుని ఈ పాయలన్నీ చిక్కు తీసి, మూడు రంగులూ మూడు వరసలు పెట్టండి. మిస్, మీరు బేసిన్ దగ్గరికి."

జారిపోయేవన్నీ తీసేసింది. నూనె జిడ్డు వదిలేదాకా తల కడిగింది, పాయలూ కడిగింది, ఆరబెట్టింది. పాత జిగురు కత్తిరించేసి ఒక్కో పాయకీ కొత్తది అంటించుకుంటూ వచ్చింది. మిగతా పని మర్నాటి పొద్దున. వెనక ఒకచోట మాడు ఎర్రబడి ఉంది. అక్కడ పెట్టనంది.

"బోసిగా కనపడదూ?" అంది డోరీన్.

"పైన జుట్టు తెచ్చి కప్పుతా. అక్కడ లాగితే పెళ్ళినాడు తలనిండా ఉంటుంది, పెళ్ళయ్యాక బట్టతల. మీరే చెప్పండి."

డోరీన్ ఆలోచించింది. "పొడుగు తగ్గినా ఫరవాలేదే. గాలికి ఎగరాలి. అది చాలు."

శనివారం రిజిస్ట్రారు గదిలో సంతకాలయ్యాక అందరూ ఫొటోలకి నది ఒడ్డుకి వెళ్ళారు. గాలి ఆ రోజు వీరావేశంతో ఉంది. టోపీలు పట్టుకోలేక ఆడవాళ్ళు కెవ్వుమంటున్నారు. డోరీన్ జుట్టు ఒక్కసారిగా లేచి క్లెమ్ మొహం మీద పడింది, అతని నోట్లోకి కూడా పోయింది. ఫొటోల్లో సగం వాటిలో పెళ్ళికొడుకు కనపడడు. బింగో వాళ్ళంతా వచ్చారు. చేతికర్ర పెద్దాయన ఆమె వెనక చేరి, "ఆ చెవి పక్కనున్నది నేను పట్టింది" అంటే, స్వెట్టరావిడ "అది నాది, మీది పక్కది" అని వాదన పెట్టుకుంది. ఐవీ ఇద్దర్నీ గదమాయించి, చెల్లెలి చెంపల మీది జుట్టు సర్దింది. కుదుళ్ళు చేత్తో పట్టుకుని మరీ సర్దింది.

సోమవారం పొద్దున, హనీమూన్‌కి వెళ్ళిన లాండుడ్నోలో, సముద్రం కనపడే హోటల్ గదిలో, డోరీన్ మంచం అంచున కూర్చుని ఉంది. వెనక క్లెమ్ బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు. రేవులో తాళ్ళు లాగిన పెద్ద పెద్ద చేతులు అవి.

"చివర్ల నుంచి. మెల్లగా. పైన పట్టుకో."

"పట్టుకున్నా. నొప్పా?"

"లేదు."

"ఇంకా దువ్వమంటావా? అవతల టిఫిన్ బల్ల ఎత్తేస్తారు."

"ఎత్తెయ్యనీ" అంది డోరీన్ కళ్ళు మూసుకుని.